వాల్వు మూసి నడిపే పంపు ఎంత కరెంటు తింటుంది?
(పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పంపుల మీదే. నెల్లూరు, ఒంగోలు మధ్య ఫ్యాక్టరీల్లో కరెంటు ఆడిట్లు చేస్తూ తిరిగేదాన్ని కాబట్టి ఇందులో నాకు ఆశ్చర్యం లేదు. ఏ యూనిట్‌కి వెళ్లినా పెద్ద మెషిన్ల గురించి గంటసేపు చెబుతారు. మూలన షెడ్డులో రోజంతా తిరిగే పంపు సంగతి నేను అడిగితే తప్ప ఎత్తరు. మొదటి ఉత్తరానికి పెద్ద జవాబు రాశాను. అందులోని లెక్క మిగతావాళ్లకీ పనికొస్తుంది.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్. కట్టర్లకి, లైన్ పాలిషర్‌కి నీళ్లు తిప్పే 30 హెచ్‌పీ పంపు ఉంది. పెట్టిన రోజు నుంచీ డెలివరీ వాల్వు సగానికి పైగా మూసే నడుపుతున్నాం. పూర్తిగా తెరిస్తే హోస్ పైపులు ఊడిపోతున్నాయి, మోటారు ట్రిప్ అవుతోంది. వాల్వు మూస్తే ఆంప్స్ తగ్గుతున్నాయి కాబట్టి కరెంటు ఆదా అయినట్టే అంటాడు మా ఆపరేటర్. ఒక డీలరు వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే డ్రైవ్) పెట్టమంటున్నాడు, ఇంకొకాయన పంపే మార్చమంటున్నాడు. మా ఓనరు గారేమో నడుస్తున్న పంపుని ఎందుకు కదిలించడం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?
- మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి, చీమకుర్తి

జవాబు: మీ ఆపరేటర్ చెప్పింది సగం నిజం. మీది లాంటి సెంట్రిఫ్యూగల్ పంపులో (లోపలి చక్రం విసురుతో నీళ్లు తోసే రకం) వాల్వు మూస్తే ఆంప్స్ తగ్గుతాయి. కానీ ఆంప్స్ కొంచెం తగ్గేసరికి నీళ్లు చాలా తగ్గిపోతాయి. అందుకని ఆంప్స్ చూసి ఆదా అనుకోకూడదు. కిలోలీటరు నీటికి ఎన్ని యూనిట్లు కాలాయో చూడాలి.

మీ ఉత్తరం చదవగానే ఫోన్ చేసి కొన్ని కొలతలు తీయమన్నాను. రెండు రోజుల్లో తీసి పంపించారు, సంతోషం. వాటితోనే మాట్లాడుకుందాం.

వాల్వుకి ముందు గేజి 5 కిలోలు చూపించింది. వాల్వు దాటాక పెట్టిన గేజి 2.6 కిలోలు. గేజి మీద 1 కిలో అంటే సుమారు 10 మీటర్ల ఎత్తుకి సమానం. అంటే పంపు 50 మీటర్ల ఎత్తుకి సరిపడా ఒత్తిడి ఇస్తోంది, అందులో 24 మీటర్లు ఆ ఒక్క వాల్వు దగ్గరే పోతోంది. మీ మెషిన్లకి అందుతున్నది 26 మీటర్లు, పని సాఫీగా జరుగుతోందని మీరే రాశారు. అంటే మీకు కావలసింది 26 మీటర్లే.

ఇక నీళ్లు. ఫ్లో మీటరు లేదన్నారు, లేకపోయినా ఫరవాలేదు. క్లియర్ వాటర్ సంపు 5 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు. సెట్లింగ్ ట్యాంకు నుంచి సంపులోకి దిగే నీళ్లు అయిదు నిమిషాలు ఆపి, పంపుని మామూలుగా నడిపి, స్కేలు దించి చూశారు. 35 సెంటీమీటర్లు దిగింది. 5 × 4 × 0.35 అంటే 7 ఘనపు మీటర్లు (ఒక ఘనపు మీటరు అంటే ఒక కిలోలీటరే). అయిదు నిమిషాలకి 7 అయితే గంటకి 84. అదే సమయానికి ప్యానెల్ మీటరులో 20.4 కిలోవాట్లు ఉంది.

ఇప్పుడు లెక్క చూడండి. గంటకి ఎన్ని ఘనపు మీటర్లో ఆ అంకెని ఎత్తు మీటర్లతో గుణించి 367తో భాగిస్తే నీటికి అందిన కిలోవాట్లు వస్తాయి. పంపు షెడ్డు గోడ మీద పెయింటుతో రాసి ఉంచదగ్గ సూత్రం ఇది. 84 × 50 ÷ 367 అంటే 11.4 కిలోవాట్లు. మీరు కొంటున్నది 20.4. పంపు, మోటారు కలిపి 56 శాతం పనితనం అన్నమాట. అందులోంచి వాల్వు వాటా తీసేస్తే మెషిన్లకి నిజంగా చేరుతున్నది 84 × 26 ÷ 367, అంటే దాదాపు 6 కిలోవాట్లు. 20 కొని 6 వాడుకుంటున్నారు. (సంపు నీటిమట్టం పంపుకి దాదాపు సమానంగా ఉందన్నారు కాబట్టి పంపు నీళ్లు పీల్చుకునే ఎత్తు, అంటే సక్షన్ ఎత్తు, లెక్కలోకి తీసుకోలేదు.)

డబ్బుల్లో చెబితే ఓనరు గారికి తొందరగా ఎక్కుతుంది. రెండు షిఫ్టులు, రోజుకి 16 గంటలు, ఏడాదికి 300 రోజులు: 4,800 గంటలు. యూనిట్ 8 రూపాయలు అనుకుందాం, మీ బిల్లులో ఎంత పడుతోందో చూసి మార్చుకోండి. ఈ పంపు ఏటా సుమారు 98 వేల యూనిట్లు తాగుతోంది, 7 లక్షల 80 వేలు. వాల్వు దగ్గర పోయేది ఒక్కటే లెక్కేస్తే 47 వేల యూనిట్లు, మూడు లక్షల డెబ్భై అయిదు వేల పైమాటే. పంపు కొన్నప్పుడు అయిదారు కోటేషన్లు తెప్పించి, ధర మీద గట్టిగా బేరమాడి ఉంటారు. బేరమాడాల్సిన అసలు ధర ఏటేటా బిల్లులో వచ్చే ఈ అంకె. పదేళ్లు నడిస్తే 78 లక్షలు. దాని పక్కన పంపు ఇన్వాయిస్ పెట్టి చూడమనండి.

ఇంత పెద్ద పంపు ఎలా వచ్చిందంటే, ఏ ఒక్కరి తప్పూ కాదు. డిజైను వేసినవారు భద్రతకని కొంత కలుపుతారు. కాంట్రాక్టరు, పైపులు పాతబడితే ఎలా అని ఇంకొంత కలుపుతాడు. డీలరు దగ్గర ఆ సైజు లేక పై సైజు ఇస్తాడు. చివరికి మనం కూడా "ఎక్కువుంటే మంచిదేగా" అంటాం. ఆ ఎక్కువంతా వాల్వు దగ్గర వేడిగా, చప్పుడుగా పోతుంది. అందుకే ఎక్కడైనా పంపు షెడ్డులోకి వెళ్తే నేను ముందు నేమ్ ప్లేటు చూడను, వాల్వు చక్రం చూస్తాను. సగం మూసిన వాల్వు, దాని మీద ఎవరూ తిప్పకుండా చుట్టిన తీగ కనిపించాయంటే అక్కడ డబ్బు ఉన్నట్టే.

ఇప్పుడు మీ ముందున్న దారులు. ఇంపెల్లర్‌ని (పంపులో నీళ్లు తోసే చక్రం) లేత్ మీద తిప్పించి, అంచు కోయించి చిన్నది చేయించడం అన్నిటికంటే చవక. కానీ మీ నేమ్ ప్లేటు మీద 120 ఘనపు మీటర్లు, 45 మీటర్లు అని ఉంది. అక్కడి నుంచి మీకు కావలసినదానికి రావాలంటే వ్యాసం 20 శాతం పైగా కొయ్యాలి. 10, 15 శాతం దాటి కోస్తే పంపు పనితనం పడిపోతుంది. మీకు ఇది కుదరదు.

వీఎఫ్‌డీ పెట్టి వాల్వు పూర్తిగా తెరిస్తే లైనులో వచ్చే 50 హెర్ట్జ్‌కి బదులు సుమారు 39 హెర్ట్జ్ దగ్గర మీకు కావలసిన నీళ్లు వస్తాయి, కరెంటు 11 కిలోవాట్లకి దిగుతుంది. మంచి ఆదానే. అయితే వేగం 20 శాతం తగ్గిస్తే కరెంటు సగమవుతుందని డీలర్లు చెప్పే మాట అన్నిచోట్లా చెల్లదని పాఠకులందరికీ చెబుతున్నాను. 0.8ని మూడుసార్లు గుణిస్తే 0.51 వస్తుంది, నిజమే. అది నీళ్లకి పైపు రాపిడి తప్ప ఎక్కాల్సిన ఎత్తు లేనిచోట. నాలుగంతస్తుల పైనున్న ట్యాంకుకి ఎక్కించే పంపు వేగం అలా తగ్గించుకుంటూ పోతే ఒకచోట నీళ్లు ఎక్కడమే మానేస్తాయి, మోటారు మాత్రం తిరుగుతూ కరెంటు తింటుంది.

మీ కట్టర్లన్నీ రెండు షిఫ్టులూ ఒకే తీరుగా నడుస్తాయన్నారు. నీటి అవసరం గంట గంటకీ మారనప్పుడు డ్రైవ్ కంటే సరైన సైజు పంపే మేలు. గంటకి 84 ఘనపు మీటర్లు, 28 మీటర్లు (కావలసిన 26కి కొంచెం చేర్చి) అని రాసి, ఆ పాయింటు దగ్గర పనితనం ఎంతో పంపు కర్వ్ (ఎన్ని నీళ్లకి ఎంత ఎత్తు, ఎంత పనితనం ఇస్తుందో చూపే గీత) మీద గుర్తు పెట్టి ఇమ్మని అడగండి. 72 శాతం ఇచ్చే పంపు, ఐఈ3 మోటారు (తక్కువ కరెంటు వృథా చేసే రకం) తీసుకుంటే 9.8 కిలోవాట్లతో పనైపోతుంది. 15 హెచ్‌పీ మోటారు చాలు. ఏటా 50 వేల యూనిట్లు, 4 లక్షలు మిగులుతాయి. పంపు, మోటారు, పునాది, పైపు మార్పులు, స్టార్టరు అన్నీ కలిపి కోటేషన్ తెప్పించి ఈ 4 లక్షలతో పోల్చండి. రేపు కట్టర్లు పెరిగి అవసరం మారుతూ ఉంటే ఆ 15 హెచ్‌పీకే డ్రైవ్ పెట్టుకోవచ్చు, 30 హెచ్‌పీ డ్రైవ్ కంటే చవక. పాత పంపుని అమ్మకండి, స్టాండ్‌బైగా ఉంచండి.

ఒకటి మాత్రం గట్టిగా చెప్పాలి. సెట్లింగ్ ట్యాంకు సమయానికి తోడించకపోతే కొత్త పంపు కూడా తొందరగా పాతదైపోతుంది. మీ నీళ్లలో ఉండేది రాతిపొడి. అది ఇంపెల్లర్‌కీ, దాని చుట్టూ ఉండే వేర్ రింగ్‌కీ మధ్య సందుని అరగదీస్తుంది. సందు పెరిగితే బయటికి పోవాల్సిన నీళ్లు మళ్లీ సక్షన్ వైపుకి లోపలే తిరుగుతాయి. పంపు నడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. సంపులో నీళ్లు చేత్తో తీసి గాజు గ్లాసులో పోసి అరగంట ఉంచండి. అడుగున తెల్లటి పొర పేరుకుంటే ఆ పొరంతా మీ పంపులోంచి వెళ్తున్నట్టే. ఇందాక చెప్పిన స్కేలు కొలత, కిలోవాట్లు మూడు నెలలకోసారి రిజిస్టరులో రాయించండి. కిలోలీటరుకి ఇప్పుడు 0.24 యూనిట్ పడుతోంది, కొత్త పంపుకి 0.12 దగ్గర ఉండాలి. ఆ అంకె పెరగడం మొదలైతే పంపు విప్పాల్సిన రోజు వచ్చినట్టు.

ప్రశ్న: అమ్మా, కోవూరు దగ్గర మాది ఉప్పుడు బియ్యం మిల్లు. వడ్లు నానబెట్టే తొట్లకి వేడినీళ్లు తిప్పే 10 హెచ్‌పీ మోటారు రెండేళ్లలో మూడోసారి కాలిపోయింది. మళ్లీ వైండింగ్ చేయించాలా, కొత్తది కొనాలా? కొత్త ఐఈ3 మోటారు పెట్టిన పక్క మిల్లువాళ్లు యూనిట్లేమీ తగ్గలేదంటున్నారు.
- రైస్ మిల్లు యజమాని, కోవూరు

జవాబు: అయ్యా, ఎందుకు కాలుతోందో తేలకుండా కొత్తది కొన్నా అదీ కాలుతుంది. ముందు మోటారు ఒంటి మీద చెయ్యి పెట్టి చూడండి, నడిచేటప్పుడు కాదు, ఆపి మెయిన్ తీసేశాక. కోవూరు వైపే ఒక మిల్లులో నేను చూసిన మోటారుకి ఫిన్ల మధ్య ఊక దుమ్ము వేలు మందాన గట్టిపడి ఉంది. వెనక ఫ్యాన్ కవరు జల్లెడ కన్నాలు ఒక్కటీ కనిపించలేదు. గాలి తగలని మోటారు లోపల్లోపల ఉడుకుతుంది. ఇన్సులేషన్ ఓర్చుకునే దానికంటే వేడి ప్రతి 10 డిగ్రీలు పెరిగితే వైండింగ్ ఆయుష్షు సగమవుతుందని మా రంగంలో ఒక లెక్క. వారానికోసారి బ్రష్షుతో దులిపించడం కంటే చవకైన మందు లేదు.

రెండోది, మూడు ఫేజుల వోల్టేజి. మోటారు నడుస్తుండగా మీ ఎలక్ట్రీషియన్ చేత స్టార్టరు దగ్గర కొలిపించండి. ఉదాహరణకి 415, 405, 390 వచ్చాయనుకోండి. సగటు 403. సగటుకి అన్నిటికంటే దూరంగా ఉన్నది 13 వోల్టులు, అంటే 3 శాతం పైన తేడా. చూడ్డానికి చిన్న అంకె. కానీ కరెంటులో తేడా దానికి ఆరు నుంచి పది రెట్లు ఉంటుంది, ఒక ఫేజు వైండింగ్ మాత్రమే మాడిపోతుంది. వైండింగ్ షాపులో కాలిన మోటారు విప్పినప్పుడు అన్ని కాయిల్స్ నల్లబడ్డాయా, ఒక ఫేజువే నల్లబడ్డాయా అడగండి. ఒక ఫేజువే అయితే జబ్బు మోటారుది కాదు, లైనుది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసే పరికరం) లేకపోతే వెంటనే పెట్టించండి.

ఇక మీ ప్రశ్న. మూడుసార్లు కాలిన మోటారు మీద ఇంక డబ్బు పెట్టవద్దనే నా సలహా. పాత వైండింగ్ ఊడదీయడానికి మంట పెట్టి కాలిస్తే లోపలి ఇనుప రేకుల మధ్య పూత పోతుంది, ఆ నష్టం కొత్త తీగ చుట్టినా తీరదు. ఇప్పుడు మీ మోటారు పనితనం 84 శాతం, కొత్త ఐఈ3ది 90 అనుకుంటే, 6 కిలోవాట్ల లోడు మీద దాదాపు అర కిలోవాట్ తేడా. ఏడాదికి 6,000 గంటలు నడిస్తే 2,850 యూనిట్లు, యూనిట్ 8 రూపాయల లెక్కన 22 వేల పైన. రోజుకి రెండు మూడు గంటలు నడిచే మోటారైతే మాత్రం మంచి షాపులో చుట్టించుకోవడమే నయం.

పక్క మిల్లువాళ్లకి యూనిట్లు ఎందుకు తగ్గలేదో కూడా చెబుతాను. ఐఈ3 మోటారు పాతదానికంటే కాస్త వేగంగా తిరుగుతుంది, నిమిషానికి 2,880 చుట్లు తిరిగేది 2,930 తిరగవచ్చు. పంపు లాగే శక్తి వేగానికి మూడో ఘాతంలో పెరుగుతుంది కాబట్టి 5 శాతం ఎక్కువ లాగుతుంది. మోటారులో మిగిలింది పంపు తినేసింది, నీళ్లు కొంచెం ఎక్కువ వచ్చాయంతే. తొట్టి తొందరగా నిండితే తొందరగా ఆపేయాలి, లేదా ఇంపెల్లర్‌ని ఆ మేరకు లేత్ మీద కొద్దిగా కోయించాలి. వాళ్లకి తప్పక చెప్పండి.

ప్రశ్న: కొత్తపట్నం దగ్గర మా ఐస్ ఫ్యాక్టరీలో కండెన్సర్‌కి నీళ్లు తిప్పే పంపులోంచి గులకరాళ్లు దొర్లుతున్నట్టు చప్పుడొస్తోంది. బేరింగులు రెండుసార్లు మార్చాం. ఇంపెల్లర్ విప్పి చూస్తే చెదపురుగులు తిన్నట్టు గుంటలు. ఉప్పుగాలికి తుప్పు అంటున్నారు. నిజమేనా?
- ఐస్ ఫ్యాక్టరీ ఆపరేటర్

జవాబు: బేరింగులది కాదు, తుప్పూ కాదు. అది కావిటేషన్. సక్షన్ దగ్గర ఒత్తిడి మరీ పడిపోయినప్పుడు నీళ్లలో ఆవిరి బుడగలు పుడతాయి. ఇంపెల్లర్‌లో ఒత్తిడి పెరిగేచోట అవి టప్పున మూసుకుపోతూ లోహాన్ని చెక్కేస్తాయి. ఆ చప్పుడు బుడగలది.

మీరు పంపిన ఫోటోలో సక్షన్ పైపు 3 అంగుళాలది, పంపు మూతికి ఆనుకునే ఎల్బో ఉంది. గంటకి 40 ఘనపు మీటర్లు తిప్పుతున్నామన్నారు. 3 అంగుళాల పైపులో అది సెకనుకి 2.2 మీటర్ల వేగం, సక్షన్‌కి ఎక్కువ. 4 అంగుళాలు చేస్తే 1.4కి దిగుతుంది. అదే నీటికి పైపు రాపిడి మూడో వంతుకి పడిపోతుంది, ఎందుకంటే రాపిడి వ్యాసానికి అయిదో ఘాతంలో తగ్గుతుంది. పైపు కొనేటప్పుడు ఒక అంగుళం దగ్గర పొదుపు చేస్తే పంపు ఉన్నన్నాళ్లూ కట్టాలి. ఎల్బోకీ పంపుకీ మధ్య కనీసం పైపు వ్యాసానికి అయిదు రెట్లు తిన్నటి ముక్క ఉండాలి. పెద్ద పైపు నుంచి పంపు మూతికి తగ్గించే రెడ్యూసర్ ఒకవైపు చదునుగా ఉండేది తీసుకుని, చదును వైపు పైకి పెట్టండి. లేకపోతే అక్కడ గాలి నిలుస్తుంది. వీటన్నిటికంటే ముందు ఫుట్ వాల్వు తీసి జల్లెడ చూడండి. నాచు పట్టి సగం మూసుకుపోయి ఉంటే ఈ వారమే పని తేలిపోవచ్చు.

ఆ పంపులో ఆదా కోసమని నీళ్లు తగ్గించే ఆలోచన మాత్రం చేయకండి. కండెన్సర్‌కి నీళ్లు తగ్గితే అమ్మోనియా ప్రెజర్ పెరుగుతుంది, పంపులో రూపాయి మిగిల్చి కంప్రెసర్‌లో అంతకు ఎన్నో రెట్లు కడతారు. స్టాండ్‌బై పంపు లేదని రాశారు, అది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. రొయ్యల పట్టుబడి జోరు మీద ఉన్న రోజున ఐస్ ఆగితే రైతు సరుకు పాడవుతుంది. పంపు ఖర్చు లెక్కలో ఆ రోజు నష్టం కూడా వేసుకోండి. అప్పుడు రెండో పంపు ఖరీదుగా కనిపించదు.

ప్రశ్న: పంపులకి కెపాసిటర్లు పెడితే 20 శాతం యూనిట్లు తగ్గుతాయని ఒకాయన వచ్చి చెప్పాడు. నమ్మవచ్చా?
- పాఠకుడు, కావలి

జవాబు: పంపుకి కావలసిన యూనిట్లు కెపాసిటర్ తగ్గించదు. పవర్ ఫ్యాక్టర్‌ని (లైను నుంచి తీసుకునే దానిలో నిజంగా పనికి వాడేది ఎంతో చెప్పే అంకె) సరిచేస్తుంది, కేబుళ్లలో నష్టం కొంచెం తగ్గిస్తుంది. మీ బిల్లు కేవీఏహెచ్ లెక్కన (పవర్ ఫ్యాక్టర్ కూడా కలిపి లెక్కేసే యూనిట్లు) వస్తుంటే, పవర్ ఫ్యాక్టర్ బాగా పడిపోయి ఉంటే బిల్లులో తేడా కనిపిస్తుంది. బిల్లు మీద పవర్ ఫ్యాక్టర్ ఇప్పటికే 0.98, 0.99 ఉంటే ఆయన్ని పంపించేయండి.

ప్రశ్న: గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్‌లో మాకు రెండు ఒకేలాంటి పంపులు ఒకే లైనులోకి నీళ్లు పోస్తాయి. రెండూ నడిపినా నీళ్లు రెట్టింపు కావడం లేదు. ఒక పంపు పాడైందా?
- షిఫ్ట్ సూపర్‌వైజర్

జవాబు: పాడవ్వాల్సిన అవసరం లేదు. పైపు ఒక్కటే కదా. రెండో పంపు నీళ్లు కూడా అందులోనే దూరాలి, రాపిడి పెరుగుతుంది, దాంతో రెండు పంపులూ తక్కువ నీళ్లే ఇస్తాయి. పొడవాటి సన్నపైపు లైనుల్లో రెండో పంపు వల్ల పెరిగేది కొంచెమే, కరెంటు మాత్రం దాదాపు రెట్టింపు. ఒక షిఫ్టు ఒకే పంపుతో నడిపి ట్యాంకు నిండడానికి ఎంతసేపు పట్టిందో, ఎన్ని యూనిట్లు కాలాయో రాసుకోండి. మరుసటి షిఫ్టు రెండిటితో నడిపి అవే రాయండి. ఒక్క పంపుతో ట్యాంకు సమయానికి నిండుతుంటే రెండోదాన్ని ఆపేసి, వారం వారం మార్చి మార్చి నడుపుకోండి. నిండకపోతే కొత్త పంపు కొనేముందు ఆ లైను పైపు సైజు, పొడవు, ఎత్తు రాసి నాకు పంపండి.